బంగారికి వాసన అంటించిన పది రోజులు

దుబాయ్‌లో ఏం పని చేశావని ఎవరైనా అడిగితే సూటిగానే చెబుతాను, షుగర్ గ్లైడర్లకి ఆయాగా చేశానని. విన్నవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. ఇరవై రెండేళ్ళు అరబ్బు ఇళ్ళల్లో గిన్నెలు తోమాను, పిల్లల్ని పెంచాను. ఆ తరువాత నాలుగేళ్ళు షార్జా శివార్లలో ఒక జంతువుల కేంద్రంలో చీకటి గది చూసుకున్నాను. అరవై దాటాక పని మానేశాను. గిన్నెలు తోమిన ఇరవై రెండేళ్ళ గురించి ఇంతవరకూ ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. అందరికీ ఈ నాలుగేళ్ళే కావాలి.

ఇప్పుడు దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. అది నర్సు. దాని స్నేహితురాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఇక్కడ పెట్ షాపుల్లోనూ జంతువుల ఆసుపత్రుల్లోనూ పనికి చేరారు. వచ్చినప్పుడల్లా "ఆంటీ, ఎలా చెయ్యాలి" అని మొదలెడతారు. ప్రతిసారీ అ ఆల దగ్గర్నుంచి చెప్పలేక విసుగొచ్చి ఇది రాస్తున్నాను. జీతం, వీసా, సర్టిఫికెట్ల సంగతి ఇందులో ఉండదు. అవి మీకు నాకంటే బాగా తెలుసు. ఇందులో ఎక్కువ భాగం బంగారి అనే ఒక్క జీవి గురించి. దాన్ని నేను చేతులారా చంపేసినంత పని చేశాను. ఎందుకు చేశానో తెలిస్తే మీరు ఆ పని చెయ్యకుండా ఉంటారని నా ఆశ.

పొద్దున పదింటికి రాత్రి

షుగర్ గ్లైడర్ అరచేతిలో పట్టేస్తుంది. చూడ్డానికి ఉడతలా ఉంటుంది గాని ఉడతకీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. దీని చుట్టాలు కంగారూలు. ఆడదాని పొట్ట మీద సంచి ఉంటుంది. పిల్ల బియ్యపుగింజంత ఉండగానే పుట్టి, పాక్కుంటూ ఆ సంచిలోకి చేరి, రెండు నెలలకి పైగా అందులోనే పెరుగుతుంది. ముందు కాళ్ళ నుంచి వెనక కాళ్ళ దాకా రెండు పక్కలా పల్చటి తోలు మడతపడి ఉంటుంది. కొమ్మ మీంచి దూకి నాలుగు కాళ్ళూ చాపిందంటే ఆ మడత విచ్చుకుని, గాలికి లేచిన జేబురుమాలులా తేలుతూ పోయి అవతలి కొమ్మని కరుచుకుంటుంది. ఎగరదు. పైనుంచి కిందకి జారుతుంది, అంతే. చూడ్డానికి వచ్చినవాళ్ళు "ఎగిరింది, ఎగిరింది" అంటుంటే నాలుగేళ్ళూ దిద్దుతూనే ఉన్నాను. ఒక్కరు వింటే ఒట్టు.

ఇవి ఆస్ట్రేలియా వైపు అడవుల్లో పగలంతా చెట్టుతొర్రల్లో పడుకుని రాత్రి తిరిగే జీవులు. టిక్కెట్టు కొని పగలు వచ్చినవాళ్ళకి ముడుచుకు పడుకున్న ఉన్ని ఉండని చూపిస్తే ఊరుకుంటారా? అందుకని మా గదిలో రాత్రినీ పగలునీ తిరగేశారు. రాత్రంతా పెద్ద లైట్లు వెలుగుతూ ఉంటాయి. పొద్దున పదింటికి అవి ఆరిపోయి ఎర్రటి మసక దీపాలు వెలుగుతాయి. అవేమో రాత్రయిందనుకుని లేచి తిరుగుతాయి.

ఆ లైట్లూ ఏసీలూ చూసేవాడు మస్తాన్. నెల్లూరు మనిషి, షార్జా అవతల సజ్జాలో కూలీల క్యాంపులో ఉండేవాడు. నాకంటే పదేళ్ళు చిన్నవాడు, నన్ను అక్కా అనేవాడు. రోజూ పదింటికి స్విచ్చి మీద వేలు పెట్టి, "అక్కా, పొద్దు గూకిస్తా ఉండా" అని కేకేసేవాడు. మొదటి వారం ఆ చీకట్లో నేను గుద్దుకోని కొమ్మ లేదు. నుదుటి మీద బొప్పితో షార్జా ఊళ్ళో రోలా పేటలో మా ఫ్లాటుకి వెళితే, ఎవరితో గొడవపడ్డావే అని అడిగారు మా గది ఆడవాళ్ళు.

అసలు నన్ను తీసుకున్నది నేల తుడవడానికే. కరోనా ఏడాది నేను పనిచేసే ఇంటివాళ్ళు సామాను సర్దుకుని వాళ్ళ దేశం వెళ్ళిపోయారు. ఇక్కడేమో గ్లైడర్లని చూసుకునే మనిషి సెలవు మీద వెళ్ళి, విమానాలు ఆగిపోయి అక్కడే ఇరుక్కుపోయింది. తుడిచేదాన్నే తినిపించమన్నారు. ఆవిడ మళ్ళీ రాలేదు, నేను ఆ గది వదల్లేదు.

మా ముదీర్, అంటే మేనేజరు, సూడాన్ ఆయన. గుమ్మంలోంచి తల వంచుకుని రావలసినంత పొడుగు. కొండచిలువని మెడలో వేసుకుని తాపీగా టీ తాగేవాడు గాని గ్లైడర్ల గదిలో అడుగు పెట్టేవాడు కాదు. ఒకసారి ఒకటి వచ్చి ఆయన నెత్తి మీద వాలింది. అంత మనిషీ గోడకి అంటుకుపోయి, దీన్ని తియ్యి, తియ్యి అని నన్ను బతిమాలాడు. అప్పటినుంచీ మాతో మాటలన్నీ గుమ్మం బయటనుంచే. మంచి యజమాని అంటే నా లెక్కలో తప్పు జరిగిన రోజు అరిచి మర్నాటికి మరిచిపోయేవాడు. ఈ దేశంలో అలాంటివాళ్ళని ముగ్గుర్ని చూశాను. వాళ్ళలో ఈయన ఒకడు.

ఏడింటికీ ఏడ్చాను

చేరిన కొత్తలోనే ఒకరోజు పెద్దమనుషులెవరో చూడ్డానికి వస్తున్నారన్నారు. బయట నిప్పులు కురిసే ఎండ. వచ్చినవాళ్ళకి చెమట పట్టకూడదని ముదీర్ ఏసీలు బాగా పెంచమన్నాడు. మస్తాన్ పదహారులో పెట్టాడు. వాళ్ళు వచ్చి చూసి వెళ్ళిపోయారు, ఏసీ సంగతి అందరం మరిచిపోయాం.

మర్నాడు నేను వెళ్ళేసరికి ముందురోజు పెట్టిన తిండి పెట్టినట్టే ఉంది. పడక సంచి విప్పి చూస్తే ఏడు గ్లైడర్లూ ముడుచుకుపోయి, ఫ్రిజ్‌లో పెట్టిన వంకాయల్లా చల్లగా ఉన్నాయి. కదిపితే కదలవు. నేను నేల మీద కూలబడి ప్రభువా అంటూ ఏడుపు లంకించుకున్నాను. ఏడుపు విని ముదీర్ గుమ్మం దాకా వచ్చి చూసి, ఖలాస్, ప్లాస్టిక్ సంచిలో పెట్టు, డాక్టరమ్మకి కబురు చేస్తానన్నాడు. 

నాకు ప్లాస్టిక్ సంచిలో పెట్టడానికి మనసొప్పలేదు. డాక్టరమ్మ వచ్చేదాకానైనా వెచ్చగా ఉంచుదామని ఏడింటినీ తీసి జాకెట్లో దోపుకుని, పైన స్వెటరు వేసుకుని గోడకి ఆనుకుని కూర్చున్నాను. చచ్చినవాటికి వెచ్చదనం ఎందుకని అడక్కండి. ఆ సమయంలో నాకు అదే తోచింది. అరగంట గడిచింది. ఎడమ చంకలో ఎవరో గీరినట్టయింది. తరువాత కుడి పక్క. ఆ తరువాత ఏడూ ఒక్కసారి మేలుకుని జాకెట్లో ఊరేగింపు మొదలెట్టాయి. నేను కేకలు పెడుతూ గదంతా గెంతుతున్నాను. ఏమయిందోనని పరిగెత్తుకొచ్చిన మస్తాన్ నా వాలకం చూసి, కళ్ళు మూసుకుని వచ్చిన దారినే పోయాడు.

డాక్టరమ్మ ఫిలిప్పీన్స్ ఆవిడ, వారానికి రెండుసార్లు వచ్చేది. ఆవిడ వచ్చి చూసి చెప్పింది, చలి ముదిరినా తిండి లేకపోయినా ఇవి ఒళ్ళు చల్లబరుచుకుని, పొయ్యి ఆర్పినట్టు అన్నీ ఆపుకుని పడుకుంటాయట. చావు కాదట. అది విన్నాక ముదీర్ నా మొహం చూడలేకపోయాడు. మస్తాన్ ఏసీ బటన్ మీద టేపు అంటించి, "ముట్టుకున్నావా అక్క చంపుద్ది" అని తెలుగులో రాశాడు. ఆ భవనంలో తెలుగు చదవగలిగేది మేమిద్దరమే. ఆ ముక్క వాడికి చెప్పి చూశాను. భయం ఉంటే చాలులే అక్కా, చదవడం దేనికి అన్నాడు.

మీకు చెప్పేదేమిటంటే, చల్లగా ఉన్న ప్రాణిని చచ్చిందనకండి. వెచ్చబెట్టండి, డాక్టరుని పిలవండి, ఆగండి. ఏడవడానికి తరువాత బోలెడు టైము ఉంటుంది.

తుమ్మ బంక

ఇంకోటి కూడా చెప్పాలి. ఎందుకంటే నా పొగరుకి మూలం ఇదే. విమానాలు సరిగ్గా నడవని రోజుల్లో వీటికి రావలసిన పొడి తిండి ఆగిపోయింది. పళ్ళు పెడితే ఎగబడి తింటాయి గాని పళ్ళు ఎక్కువైతే ఎముకల్లో బలం పోయి వెనక కాళ్ళు పడిపోతాయి. ఖర్జూరాలు పెట్టమని ముచ్చటపడేవాళ్ళని ఆపడానికే నాకు సగం రోజు సరిపోయేది. అడవిలో ఇవి చెట్ల జిగురు గీరుకుని తింటాయని, ఫలానా అకేషియా చెట్టు జిగురు దొరికితే బాగుండునని డాక్టరమ్మ ఫోన్లో బొమ్మ చూపించింది.

చూస్తే తుమ్మ చెట్టు. మా ఊళ్ళో బాలింతకి లడ్డూల్లో వేసి పెట్టే తుమ్మ బంక. దానికోసం ఆస్ట్రేలియా దాకా పోవడమెందుకు, రోలాలో మా మెట్లు దిగితే కిరాణా కొట్లో పొట్లాలు వేలాడుతుంటాయి. కొని తెచ్చి, నీళ్ళలో నానబెట్టి, కొమ్మల నెర్రెల్లో పూశాను. ఏడూ వరసగా కొమ్మకి అతుక్కుని, అరగంట సేపు తల ఎత్తకుండా నాకాయి. డాక్టరమ్మ నన్ను మెచ్చుకుంది. ముదీర్ నన్ను "డాక్టర్ సుగుణ" అని పిలవడం మొదలెట్టాడు. నా కళ్ళు నెత్తికెక్కాయి. అప్పటినుంచి ఎవరినీ ఏదీ అడగడం మానేశాను.

మేస్త్రి హాజరు

మా ఏడింట్లో పెద్ద మగదానికి మేస్త్రి అని పేరు పెట్టాను. మగవాటికి నడినెత్తి మీద చిన్న బట్టతల ఉంటుంది. అక్కడినుంచి ఒక రకం వాసన నూనె ఊరుతుంది. నిద్ర లేవగానే మేస్త్రి మొదటి పని ఆ బట్టతలని తక్కిన ఆరింటి గుండెలకీ మెడలకీ రుద్దడం. సైటులో కూలీలని నిలబెట్టి హాజరు వేసుకున్నట్టు ఒక్కదాన్నీ వదలకుండా రుద్దేవాడు. చూసి నవ్వుకునేదాన్ని గాని అది దేనికోసమో తెలుసుకుందామని నాకు తోచలేదు. డాక్టర్ సుగుణని కదా.

రెండో ఏడు బంగారి వచ్చింది. ఎవరో విల్లాలో పిల్లలు ముచ్చటపడి ఒక్కదాన్నే కొనుక్కుని చిలక పంజరంలాంటి దాంట్లో పెంచారు. వాళ్ళు దేశం వదిలిపోతూ దాన్ని తెచ్చి మా ముదీర్ చేతిలో పెట్టారు. పొట్ట మీద బొచ్చు లేదు, తోక సగమే ఉంది. మిగతా సగం అదే కొరుక్కుంది. గ్లైడర్ ఒంటరిగా బతకలేదు. పక్కన ఒంటికి ఒళ్ళు ఆనించి పడుకునేవాళ్ళు లేకపోతే దిగులుతో బొచ్చు పీక్కుంటుంది, తరువాత తోక, ఆ తరువాత కాళ్ళు. ఇది మా గుంపులో కలిస్తే బతుకుతుంది, లేకపోతే పుండు పడి పోతుందని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. ఆ బోసి తోక చూసే దానికి బంగారి అని పేరు పెట్టాను. అందంగా ఉన్నవాళ్ళని పేరు పెట్టకపోయినా ముద్దు చేస్తారు.

డాక్టరమ్మ పక్కవారం వచ్చి దగ్గరుండి కలుపుతానంది. అప్పటిదాకా ఆగడం నా వల్ల కాలేదు. పక్క పంజరంలో అది రాత్రింబవళ్ళు చిన్న కుక్కపిల్లలా అరుస్తోంది. పిలుస్తోందని నాకు తెలుస్తూనే ఉంది. నేనుండగా ఆవిడెందుకు అనుకున్నాను.

ఇంటికి కొత్త మనిషి వస్తుంటే ఏం చేస్తాం? ఇల్లు కడుగుతాం. ఇరవై రెండేళ్ళు నేను చదివిన చదువు అదే. అరబ్బు ఇళ్ళల్లో అతిథి వస్తున్నాడంటే కర్టెన్ల దగ్గర్నుంచి కడగాలి, ఆఖర్న బుఖూర్ వెయ్యాలి. బుఖూర్ అంటే వాళ్ళ సాంబ్రాణి. నిప్పుల మీద సువాసన చెక్క వేసి ఆ పొగ గదులకీ బట్టలకీ పట్టిస్తారు. ఆ పొగ పట్టించడంలో నా చెయ్యి పడిందంటే మేడమ్‌లు పొరుగింటికి నన్ను అరువు ఇచ్చేవాళ్ళు.

అలాగే చేశాను. గ్లైడర్ల పడక సంచులన్నీ బ్లీచింగ్ వేసి ఉతికి మేడ మీద ఎండలో ఆరేశాను. కొమ్మలన్నీ సబ్బు నీళ్ళతో తోమాను. ఎంతో పొందిగ్గా, ఆరిన సంచులకి బుఖూర్ పొగ పట్టించి, గ్లైడర్లని మళ్ళీ వాటిలోకి చేర్చాను. గది పెళ్ళిల్లులా ఘుమఘుమలాడింది. అప్పుడు బంగారిని తీసుకెళ్ళి గుంపు మధ్యలో పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

మేస్త్రి సంచిలోంచి తల బయట పెట్టాడు. బంగారిని చూడనైనా చూడలేదు. తన పక్కనే ఉన్న సొంత ఆడదాన్ని వాసన చూసి, గీ అని అరిచి మీద పడ్డాడు. అది ఇంకోదాని మీద పడింది. నాలుగు క్షణాల్లో ఎవరు ఎవర్ని కరుస్తున్నారో తెలియకుండా పోయింది. మధ్యలో బంగారి. నేను రెండు చేతులూ పెట్టి విడదీశాను. నా చేతులకైన గాట్లు సరే, బంగారి చెవి చిరిగింది, భుజం మీద పన్ను లోతుగా దిగింది. మేస్త్రి భార్యకి ముక్కు మీద రక్తం. దాని సంచిలో పిల్ల ఉంది. పిల్లకేమీ కాలేదు. ఆ పిల్లకి ఏమైనా అయి ఉంటే ఇవాళ నేను ఇది రాసేదాన్ని కాదు.

డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చి కుట్లు వేస్తూ, ఏం చేశావని అడిగింది. శుభ్రం చేశానన్నాను. ఇంకా ఏం చేశావంది. సాంబ్రాణి వేశానన్నాను. ఆవిడ సూది ఆపి నా వంక చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. ముందు ఆ పొగ ఇంత చిన్న ఊపిరితిత్తులకి విషమని చెప్పింది. తరువాత మేస్త్రి తల రుద్దడం దేనికో చెప్పింది. ఈ జీవులు చీకట్లో ఒకదాన్నొకటి గుర్తుపట్టేది మొహం చూసి కాదు, ఆ వాసనతోనే. ఎవరి ఒంటి మీద అది లేదో వాళ్ళు పరాయివాళ్ళు. నాకు మురికిగా కనిపించిందే వాటి ఇంటిపేరు. దాన్ని ఉతికి ఆరేసి, పైన వేరేవాళ్ళ అత్తరు పూశాను.

ముదీర్ ఆ రోజు అరిచినట్టు ఎప్పుడూ అరవలేదు. మర్నాటికి మరిచిపోలేదు కూడా. ఎవరో అడుగుతున్నారు, వాళ్ళకి బంగారిని ఇచ్చేస్తానన్నాడు. మళ్ళీ ఒంటరి పంజరమే. అంటే నెలలోపు పోతుందని డాక్టరమ్మా నేనూ ఇద్దరం చెప్పాం. ఆయన వినలేదు. అప్పుడు నేను గుమ్మం దాటి ఆయన గదికి వెళ్ళాను.

"పది రోజులు ఇవ్వు ముదీర్. తప్పు నాది, దానిది కాదు. కలవకపోతే నేనే నా చేత్తో వాళ్ళకి ఇచ్చేస్తాను."

ఆయన పది రోజులే, పదకొండో రోజు లేదన్నాడు.

పది రోజులు

మొదటి మూడు రోజులూ మేస్త్రికి చేతినిండా పని. నేను చెరిపేసిందంతా మళ్ళీ రాసుకోవాలిగా, పూటకి పదిసార్లు హాజరు వేశాడు. నాలుగో రోజుకి గుంపు కుదుటపడింది. డాక్టరమ్మ చెప్పినట్టు వాళ్ళు పడుకున్న సంచి ఒకటి, ఉతకనిది, కంపు కొట్టేది తీసి అందులో బంగారిని పెట్టాను. ఆ సంచిని మెడలో కట్టుకుని నా ఒంటికి ఆనించుకుని తిరిగాను. బంగారి పడుకున్న గుడ్డ తీసుకెళ్ళి వాళ్ళకి వేశాను. రోజూ ఇలా మార్చడమే. ఈ వాసన ఆ వాసనలో, ఆ వాసన ఈ వాసనలో కలిసిపోవాలి. మధ్యలో నా సొంత వాసనలు జొరబడకూడదని నాకు సబ్బు లేదు, కొబ్బరినూనె లేదు, పౌడరు లేదు. వట్టి నీళ్ళ స్నానం. నెల చూస్తే జూలై.

తీసుకెళ్ళొచ్చని డాక్టరమ్మ కాగితం రాసిస్తే సాయంత్రం బంగారిని ఫ్లాటుకి కూడా తీసుకెళ్ళాను. రోలాలో మా గదిలో ఆరుగురం ఆడవాళ్ళం, అందరం రాజోలు వైపు వాళ్ళమే. అలా తీసుకెళ్ళిన రెండో రోజుకి నా మంచం బాల్కనీలోకి చేరింది. మూడో రోజుకి నా కంచం కూడా. మా గదికి పెద్ద రత్నం, నాకంటే ముందు దుబాయ్ వచ్చిన మనిషి, గుమ్మంలో నిలబడి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని అడిగింది.

"సుగుణా, నీకేవన్నా అయిందా? చెప్పు, ప్రార్థన పెట్టిద్దాం."

సంచి తెరిచి చూపించాను. బంగారి నిద్రలో ముక్కు కదిలించింది. ఆ చిరిగిన చెవి, ఆ సగం తోక చూసి రత్నం లోపలికి వెళ్ళింది. కాసేపటికి నా కంచంలో రొయ్యల వేపుడు పెట్టుకుని తెచ్చి, ఊపిరి బిగబట్టి నా పక్కన పెట్టి పోయింది.

స్టాఫ్ వ్యానులో మస్తాన్ ఇంకా మర్యాదస్తుడు. "అక్కా, తప్పుగా అనుకోబాక. నువ్వు కిటికీ కాడ కూసో. ఆ కిటికీ నేను తీస్తా" అన్నాడు. దారి పొడుగునా వేడిగాలి కొడుతున్నా ఎవరూ ఆ కిటికీ మూయలేదు.

ఇప్పుడొక సంగతి ఒప్పుకోవాలి. ఆరో రోజుకి బంగారి తోక కొరుక్కోవడం మానేసింది. ఏడో రోజు సంచిలోకి వేలు పెడితే దాన్ని నాలుగు కాళ్ళతో చుట్టేసుకుని పడుకుంది. డాక్టరమ్మ పట్టుకోబోతే గీ అని అరిచి నా మెడ వెనక దాక్కుంది. నాకు ఒళ్ళంతా పులకరించింది. గుంపు ఎందుకు, నేను లేనా అనిపించింది. నేను పడుకుంటే ఇది పడుకుంటుంది, నేను తింటే ఇది తింటుంది, ఇంకేం కావాలి?

ఒక ఇంట్లో తొమ్మిదేళ్ళు ఒక ఆడపిల్లని పెంచాను. తల్లి పిలిస్తే అది వచ్చి నా వెనక దాక్కునేది. అప్పుడు నేను దాన్ని ముందుకి నెట్టి ఉండాల్సింది. నెట్టలేదు. నాకు అది ఇష్టంగా ఉండేది, అందుకని. తల్లి అది గమనించి నెల తిరక్కుండా నన్ను పనిలోంచి తీసేసింది. పిల్ల వారం రోజులు అన్నం ముట్టలేదని డ్రైవరు ద్వారా తెలిసింది. నేను పిల్లని ప్రేమించాననే అనుకునేదాన్ని. ప్రేమించాను కూడా. కాని ఆ వారం రోజుల పస్తు నేను పెట్టిందే. నాకు అరవై నిండబోతున్నాయి, బంగారికి ఇంకా పదేళ్ళ ఆయుష్షు ఉంది. నా సెలవులకీ నా జబ్బులకీ నేను ఊరికి పోవడానికీ ఇది ప్రతిసారీ తోక కొరుక్కుంటూ కూర్చోవాలా? ఎనిమిదో రోజునుంచి సంచిలోకి వేలు పెట్టడం మానేశాను. అది లోపలినుంచి వెతుక్కుంటుంటే చొక్కా మీంచి తెలిసేది. పళ్ళు బిగబట్టుకుని ఊరుకున్నాను.

పదో రోజు

ఎవరి చోటూ కాని కొత్త పంజరం పెట్టాం, ఎవరికీ హక్కు లేకుండా. మస్తాన్ పొద్దు గూకించాడు. డాక్టరమ్మ చేతిలో తువ్వాలు, కొట్లాట మొదలైతే మీద వెయ్యడానికి. ముదీర్ ఇన్నాళ్ళ తరువాత మొదటిసారి గుమ్మం దాటి లోపలికి వచ్చి, చేతులు రెండూ నెత్తి మీద అడ్డం పెట్టుకుని గోడవార నిలబడ్డాడు. పక్కన బంగారిని అడిగినవాళ్ళ కోసం తెచ్చిన చిన్న పంజరం సిద్ధంగా ఉంది. ఇక్కడ కుదరకపోతే బంగారి సాయంత్రం అందులోకి పోతుంది.

ముందు మేస్త్రిని తప్ప తక్కినవాటిని వదిలాం. చుట్టూ చేరి వాసన చూసి, వాటి పనిలో అవి పడ్డాయి. తరువాత మేస్త్రిని వదిలాం. వాడు తిన్నగా బంగారి మీదకి నడిచాడు. ఒకసారి గీ అన్నాడు. బంగారి కొమ్మకి అతుక్కుపోయి కళ్ళు కూడా ఆర్పలేదు. వాడు ముక్కు దగ్గర వాసన చూశాడు, చిరిగిన చెవి దగ్గర చూశాడు, పొట్ట దగ్గర చూశాడు.  మళ్ళీ ముక్కు దగ్గరికి వచ్చి, ఏదో గుర్తుకు రానట్టు కాసేపు ఆగాడు. అప్పుడు తల వంచి, బట్టతలని దాని గుండెకి పెట్టి రుద్దాడు. ఒకసారి కాదు, నాలుగుసార్లు.

మస్తాన్ చీకట్లో ముక్కు చీదాడు. ముదీర్ అల్‌హమ్‌దులిల్లా అని దేవుణ్ణి తలుచుకున్నాడు. నేను మాత్రం ఏడవలేదు, ఇంకా నమ్మకం కుదరలేదు నాకు. లైట్లు వెలిగే వేళ దాకా అక్కడే కూర్చున్నాను. అన్నీ ఒక్కొక్కటే సంచిలోకి దూరాయి. బంగారి చివర్న వెళ్ళింది. సంచి నోరు తెరిచి లెక్కపెట్టాను. ఒకదానిమీద ఒకటి చుట్టుకున్న ఉండలో ఏడున్నర తోకలు ఉన్నాయి. చిన్న పంజరం అట్టపెట్టెలో పెట్టి, కట్టి అటకెక్కించాం.

మర్నాడు పొద్దున్నే, ఇన్నాళ్ళకి సబ్బుతో స్నానం చేసి వెళ్ళి, భుజం మీద గాయం ఎలా ఉందో చూద్దామని సంచిలో చెయ్యి పెట్టాను. నా చెయ్యే కదా, తెలుసు కదా అనుకున్నాను. లోపలినుంచి బంగారి పైకి వచ్చింది. నా వేళ్ళు వాసన చూసింది. వెనక్కి జరిగి, గీ అని అరిచి, బొటనవేలు మీద గాటు దింపేసింది. దాని వెనక తక్కిన ఏడూ గొంతు కలిపి అరిచాయి. అది వాటి మధ్యలోకి దూరిపోయింది.

రక్తం కారుతున్న వేలు పట్టుకుని ముదీర్ గదికి వెళ్ళాను. నా కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, నవ్వు కూడా వస్తోంది, రెండూ ఆగడం లేదు. ఆయన కంగారుగా దూది అందించి, పనివాళ్ళ గాయాలు రాసే పుస్తకం తెరిచి, తేదీ వేసి, ఏం జరిగిందని రాయమంటావని అడిగాడు.

"పరాయి మనిషి చెయ్యి పెట్టింది, కరిచిందని రాయి ముదీర్."

ఆయన నా మొహం వంక ఒకసారి చూసి, అలాగే రాశాడు.